థెరపీకి ఎవరెవరు వెళ్లాలి: ఒక్కరా, ఇద్దరా, ఇంటిల్లిపాదీనా?

"నాన్నా, కౌన్సెలింగ్‌కి వెళ్తున్నా" అని ఫోన్లో చెబితే మా నాన్న ఒక్క క్షణం ఆగి, "ఈ వయసులో ఇంకా ఏ సీటు కోసమమ్మా?" అన్నారు. నవ్వొచ్చింది కానీ ఆయన తప్పేం లేదు. మనం ఆ ఒక్క మాటకే నాలుగైదు పనులు అప్పజెప్పాం. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సీటు వస్తుంది. పోలీస్ స్టేషన్‌లో మొగుడూ పెళ్లాలకు ఇచ్చే కౌన్సెలింగ్‌లో చీవాట్లు వస్తాయి. ఫ్యామిలీ కోర్టు కౌన్సెలింగ్‌లో విడాకులకు ముందు రాజీ కుదురుతుందేమో చూస్తారు. వీటన్నిటిలో చివరికి ఏదో ఒకటి తేలుతుంది, తేల్చేవాళ్లు బల్లకి అవతల కూర్చుంటారు. సైకాలజిస్టు గదిలో అలా తేల్చేవాళ్లు ఉండరు. మొదటిసారి వెళ్లొచ్చి "గంటసేపు కూర్చోబెట్టి ఏమీ చెప్పలేదు" అని విసుక్కునేవాళ్లలో చాలామంది తీర్పు కోసం వెళ్లినవాళ్లే.

నేను ఒక్కదాన్నే వెళ్లాను. తర్వాత మా ఆయనతో కలిసి వెళ్లాను. చివర్లో అత్తయ్య, మామయ్యలతో కూడా రెండుసార్లు కూర్చున్నాను. మూడూ మూడు రకాల పనులు. అందరూ ముందు "మంచి డాక్టర్ ఎవరు" అని వెతుకుతారు. నేనైతే ముందు ఆ గదిలో ఎన్ని కుర్చీలు కావాలో చూసుకోమంటాను.

ఎన్ని కుర్చీలో ఎలా తెలుస్తుంది

బాధ ఎవరికి ఎక్కువుందో చూసి నిర్ణయించుకుంటే పొరపాటు పడతాం. నేను అలాగే పడ్డాను. నిద్ర పట్టనిది నాకు, ఆదివారం సాయంత్రమైతే గుండె పట్టేసినట్టు ఉండేది నాకు. కాబట్టి నాకే వైద్యం కావాలనుకున్నాను. చూడాల్సింది ఆ బాధ ఎవరెవరి మధ్య తిరుగుతోందన్నది.

ఒక రెండు వారాలు చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. మనసు బాగా పాడైన ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి: అప్పుడు టైమెంత, పక్కన ఎవరున్నారు, అంతకు పది నిమిషాల ముందు ఏం జరిగింది. ఆఫీసులో, బస్సులో, ఒంటరిగా ఉన్నప్పుడు, సెలవు రోజున కూడా అదే బరువు వెంట వస్తుంటే అది ఎక్కువగా మీ లోపలిది, ఒక్కరే వెళ్లడం సరైనది. ఒక మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే మొదలై, వాళ్లు ఊరెళ్తే తేలికవుతుంటే ఇద్దరూ వెళ్లాల్సిన వ్యవహారం. ఇక మీ ఇద్దరి గొడవ ప్రతిసారీ మూడో మనిషి పేరుతోనే మొదలవుతుంటే, లేదా ఇంట్లో ఒకరి పరిస్థితి చుట్టూ మిగతా అందరూ తిరుగుతుంటే, అక్కడ కుటుంబమంతా కూర్చోవాలి. నా పుస్తకంలో ఆదివారం సాయంత్రాల పక్కన ప్రతిసారీ ఒకటే ఉంది: "ఫోన్, తెనాలి నుంచి." అది అత్తగారిల్లు.

ఈ లెక్కలేవీ అక్కర్లేని పరిస్థితి ఒకటుంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే, మనిషి రోజుల తరబడి నిద్ర, తిండి లేకుండా ఉంటే, ఎవరికీ వినిపించని మాటలు వినిపిస్తున్నాయంటుంటే, ముందు సైకియాట్రిస్టు దగ్గరికి, లేదా దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఒక్కరే వెళ్తే

మొదటి రోజంతా ప్రశ్నలే. నిద్ర, ఆకలి, పని, పాత జబ్బులు, వాడే మందులు, థైరాయిడ్ పరీక్ష చేయించారా లేదా. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతారు. ఉలిక్కిపడొద్దు, అందరినీ అడుగుతారు. సెషన్ 45 నుంచి 60 నిమిషాలు, సాధారణంగా వారానికి ఒకటి. ఆందోళనకీ డిప్రెషన్‌కీ ఎక్కువగా వాడే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చుకునే చికిత్స) పద్ధతిలో 12 నుంచి 20 సెషన్లు పట్టడం మామూలు. అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతి అది. అందులో హోంవర్క్ ఉంటుంది, నిజంగానే. ఒక సంఘటన, అప్పుడు బుర్రలో మెదిలిన మాట, ఆ మాట నిజమనడానికీ కాదనడానికీ ఏమున్నాయి అని గీతలు గీసి రాసుకోవాలి. గంటసేపు మాట్లాడి మిగతా వారమంతా మర్చిపోతే పెద్దగా ఉపయోగం ఉండదు.

రెండు మూడు సెషన్ల తర్వాత ముందుకంటే బరువుగా అనిపించొచ్చు. మూతపెట్టిన గిన్నె తెరిస్తే ఆవిరి ముందు మొహానికే కొడుతుంది కదా. కానీ ఆరు సెషన్లు దాటినా మీరు దేనికోసం వస్తున్నారో ఇద్దరికీ స్పష్టంగా లేకపోతే, అది అడిగి తీరాల్సిన విషయం.

ఇక లోటు. థెరపిస్టు వినేది ఒక వైపే. ఆరు వారాల్లో నేను మా ఆయన లోపాల్ని అద్భుతంగా వివరించడం నేర్చుకున్నాను. లేని మనిషి మీద నా వాదన రోజురోజుకీ పదునెక్కింది. నిద్ర కాస్త నయమైంది, ఇల్లు మాత్రం ఎక్కడిదక్కడే. ఏడో వారం థెరపిస్టే అన్నారు, "మీరు చెప్పేవాటిలో సగానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఈ గదిలో లేరు" అని.

ఎవరి దగ్గరికి అన్నది కూడా ఇక్కడే. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో వైద్యం చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అడిగితే చెబుతారు. కౌన్సెలర్ అన్న మాట మాత్రం వదులుగా వాడుతున్నారు. ఎమ్మెస్సీ సైకాలజీ చేసి ఏళ్ల తరబడి పెద్దల దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు, వారాంతపు కోర్సు సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. నేను మొట్టమొదట వెళ్లిన చోట ఇరవై నిమిషాల్లో నాకు దొరికిన సలహా, "ఒక బాబునో పాపనో కనేయమ్మా, అన్నీ సర్దుకుంటాయి." ఆ ముక్క మా అమ్మమ్మ ఫీజు లేకుండా చెబుతుంది.

ఇద్దరూ వెళ్తే: ఇది పంచాయితీ కాదు

మనవాళ్లకు దంపతుల థెరపీ అర్థం కావాలంటే పెద్దమనుషుల పంచాయితీతో పోల్చి చూడటమే దారి. పంచాయితీ ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. రెండు వైపుల పెద్దలు హాల్లో కూర్చుంటారు, ఏం జరిగిందో ఇద్దరితో చెప్పిస్తారు, తప్పు ఇంత వాటా వీడిది, ఇంత వాటా ఆవిడది అని పంచుతారు, ఇకమీదట ఇలా జరగదని మాట తీసుకుంటారు, కాఫీలు తాగుతారు. దాన్ని నేను తీసిపారేయను. డబ్బు లెక్కలు, ఎవరు ఎక్కడ ఉండాలి, బంగారం ఎవరి దగ్గర ఉండాలి లాంటివి అక్కడ తేలిపోతాయి. తేలనిది, అదే గొడవ మూడు నెలలకోసారి వేరే పేరుతో ఎందుకు వస్తోందన్నది.

థెరపీలో చూసేది సరిగ్గా అదే. సెషన్ 60 నుంచి 90 నిమిషాలు. చాలామంది మొదట ఇద్దరినీ కలిపి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా, మళ్లీ ఇద్దరినీ కలిపి చూస్తారు. మీరు గదిలోనే వాదించుకోవడం మొదలుపెడతారు, ఖాయం. అప్పుడావిడ మధ్యలో ఆపి, ఏం జరిగిందని అడగరు. "ఇందాక ఆయన కిటికీ వైపు చూశారే, అప్పుడు మీకేమనిపించింది?" అని అడుగుతారు. నాకు అనిపించింది, నన్ను లెక్కచేయట్లేదని. ఆయన కిటికీ వైపు చూసింది, నోరు తెరిస్తే మాట జారుతుందన్న భయంతోనట. పదకొండేళ్ల కాపురంలో ఆ కిటికీ చూపుకి ఆ అర్థం ఉందని నాకు తెలియదు. ఒకరు వెంటపడి అడుగుతారు, ఇంకొకరు ముడుచుకుపోతారు. అడిగేకొద్దీ ముడుచుకోవడం, ముడుచుకునేకొద్దీ అడగడం. స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1980లలో మొదలుపెట్టిన పద్ధతి ఈ చక్రం మీదే పనిచేస్తుంది.

అమెరికన్ సైకాలజిస్ట్ జాన్ గాట్‌మన్ దంపతుల్ని కూర్చోబెట్టి మాట్లాడించి, వీడియో తీసి, దశాబ్దాల పాటు గమనించాడు. ఆయన లెక్క ప్రకారం మొగుడూ పెళ్లాల విభేదాల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తేలనివే. నాకిది భలే ఊరటనిచ్చింది. సంసారం చెడగొట్టేవిగా ఆయన చెప్పిన నాలుగూ మన ఇళ్లలో అందరికీ పరిచయమే: పనిని కాకుండా మనిషినే తప్పుపట్టడం, ఈసడింపు, ఏదన్నా అంటే వెంటనే సమర్థించుకోవడం, మాట్లాడటం మానేసి గోడలా కూర్చోవడం. వీటిలో ఈసడింపు అన్నిటికంటే ప్రమాదమంటాడు. "మీ వాళ్లంతా అంతేగా" అనేది ఏ కోవలోకి వస్తుందో మీరే చూసుకోండి.

ముందే అడగాల్సింది ఒకటుంది. విడిగా కలిసినప్పుడు నేను చెప్పిన రహస్యాన్ని మీరు దాస్తారా, లేదా? కొందరు దాస్తారు. కొందరు "నాకు తెలిసింది ఇద్దరికీ తెలియాలి, మీరే చెప్పేలా చేస్తాను" అంటారు. రెండింటికీ వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. కానీ నోరు విప్పేముందే అది మీకు తెలిసి ఉండాలి.

ఇద్దరూ కలిసి వెళ్లకూడని సందర్భం కూడా ఉంది. కొడుతుంటే, బెదిరిస్తుంటే, ఇంట్లో ఒకరంటే ఒకరికి భయం ఉంటే వద్దు. గదిలో నిజం చెప్పినదానికి ఇంటికెళ్లాక శిక్ష పడుతుంది. అలాంటప్పుడు ఒక్కరే వెళ్లాలి, అంతకంటే ముందు సాయం అందే దారి చూసుకోవాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, జిల్లాల్లో సఖి కేంద్రాలు, 2005 నాటి గృహహింస చట్టం ఉన్నవి ఇందుకే. మద్యం బాగా ముదిరినచోట కూడా ముందు దాని సంగతి చూడాలి. తాగినప్పుడు జరిగేదాని గురించి తాగనప్పుడు ఒప్పందాలు రాసుకుంటే అవి నిలబడవు.

ఒకరు విడిపోదామని, ఇంకొకరు కలిసుందామని అంటుంటే మామూలు దంపతుల థెరపీ కుంటి నడకే. ఇలాంటివాళ్ల కోసం అమెరికాలో విలియం డోహర్టీ ఐదు సెషన్లకు మించని పద్ధతి ఒకటి తయారుచేశారు. అందులో కాపురం బాగుచేయడం ఉండదు. ఉన్నట్టే ఉందామా, విడిపోదామా, ఆరు నెలలు గట్టిగా ప్రయత్నించి చూద్దామా అన్నది మాత్రమే తేల్చుకుంటారు. ఇక్కడ ఆ పేరుతో దొరకడం కష్టం కావచ్చు కానీ, "మాకు ముందు ఇది తేలాలి" అని థెరపిస్టుకి చెప్పుకోవచ్చు.

ఇంటిల్లిపాదీ వెళ్తే

"అందర్నీ తీసుకురండి" అంటే మనవాళ్లకు అనుమానం, జబ్బు మాకు అంటగడతారేమోనని. నిజానికి మన దేశంలో దీని మొదలు వేరే విధంగా ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులకు ఆస్పత్రి ఆవరణలోనే గుడారాలు వేసి వాళ్లనీ చికిత్సలో కలుపుకున్నారు. వాళ్ల వల్ల జబ్బు వచ్చిందని కాదు, ఇంటికెళ్లాక చూసుకోవాల్సింది వాళ్లే కాబట్టి. తర్వాత వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ ఈ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి.

దీనికి ఇంకోవైపు నుంచి బలం లండన్‌లో దొరికింది. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు బలపడటం లాంటి లక్షణాలుండే జబ్బు) తగ్గి ఇంటికెళ్లినవాళ్లలో కొందరికి జబ్బు ఎందుకు తిరగబెడుతోందని జార్జ్ బ్రౌన్ బృందం చూసింది. ఎప్పుడూ విమర్శ, విరోధం ఉన్న ఇళ్లలోనూ, కాలు కింద పెట్టనీయనంత అతిగా చూసుకునే ఇళ్లలోనూ ఎక్కువగా తిరగబెట్టింది. ఆ చివరిది మనం గమనించాలి. "అన్నం కలిపి నోట్లో పెడుతున్నా, ఇంకేం చేయను" అనే అమ్మ తప్పు చేస్తోందని కాదు, అది కొడుక్కి ఊపిరాడనంత దగ్గర అని అర్థం. స్కిజోఫ్రీనియా, బైపోలార్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు) లాంటి పెద్ద జబ్బుల్లో రోగికి మందులు తప్పనిసరి, ఇంట్లోవాళ్లకు జబ్బు గురించిన పాఠాలు కూడా దాదాపు అంతే అవసరం.

సెషన్లు గంట నుంచి గంటన్నర, రెండు మూడు వారాలకోసారి. ప్రతిసారీ అందరూ రావాలని లేదు. థెరపిస్టు మాటలకంటే ముందు కుర్చీలు చూస్తారు: ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరిని అడిగితే ఎవరు జవాబు చెబుతున్నారు. ఇంటర్ చదివే అబ్బాయిని "నీకెలా ఉంది?" అని అడిగితే "వాడు బానే ఉంటాడండీ, ఫోనే సమస్య" అని తండ్రి అందుకుంటే, ఆ రోజుకి కావాల్సిన సమాచారం సగం వచ్చేసినట్టే. టీనేజ్ పిల్లల విషయంలో నేను ఈ పద్ధతివైపే మొగ్గుతాను. పిల్లాడిని గదిలోకి పంపి బయట కూర్చునే తల్లిదండ్రులు, కారు సర్వీసింగ్‌కి ఇచ్చి వెయిట్ చేస్తున్నట్టు ఉంటారు. తిండి మానేసి చిక్కిపోయే అనొరెక్సియా జబ్బులో, లండన్ మాడ్స్‌లీ ఆస్పత్రిలో పుట్టిన పద్ధతి పిల్లల భోజనం బాధ్యత కొన్నాళ్లు పూర్తిగా తల్లిదండ్రుల చేతికే ఇస్తుంది. ఆరు నెలల నుంచి ఏడాది వరకు, దాదాపు 20 సెషన్లు పడుతుంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: అత్తాకోడళ్ల గొడవకి దంపతుల థెరపీనా, కుటుంబ థెరపీనా? నా అభిప్రాయం గట్టిది. ముందు దంపతులే వెళ్లాలి. ఆ పేరుతో నడిచే గొడవల్లో చాలావరకు అసలు తేలాల్సింది, భర్త ఏ విషయంలో ఎటువైపు నిలబడతాడన్నది. అది తేలకుండా పెద్దవాళ్లను పిలిస్తే మళ్లీ పంచాయితీయే అవుతుంది. మేము ఎనిమిది సెషన్లయ్యాక తెనాలికి ఫోన్ చేశాం. ఎలా పిలవాలో కూడా అక్కడే నేర్చుకున్నాం. "మీ వల్లే గొడవ, రండి" అంటే ఎవరూ రారు. మా ఆయన "అమ్మా, మేం ఒక విషయంలో చిక్కుకుపోయాం, మాకు సాయం కావాలి" అన్నారు. మర్నాడే రైలెక్కారు.

మామయ్య కూర్చోగానే చేతులు కట్టుకుని, "డాక్టరమ్మా, పెద్దవాణ్ని, మొహమాటం లేకుండా అడుగుతున్నా, తప్పెవరిదో చెప్పండి" అన్నారు. ఆవిడ నవ్వి, "అది చెప్పడం నాకు రాదండీ. ఆదివారం ఫోన్ రాకపోతే మీ ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పండి" అన్నారు. మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. అత్తయ్యే చెప్పింది, ఆయన ఆ రోజు అన్నం తినరని.

అదంతా తెలుగులో జరిగింది కాబట్టి జరిగింది. భాష గురించి నాకు పట్టుదల ఎక్కువ. ఇంట్లో ఏ భాషలో పోట్లాడుకుంటారో సెషన్ ఆ భాషలో ఉండాలి. తెలుగులో తిట్టుకుని ఇంగ్లిష్‌లో వివరిస్తే వేడి పోయి వార్తలు చదివినట్టుంటుంది.

డబ్బు, దూరం, గోప్యత

ప్రైవేటులో ఫీజు ఊరినిబట్టి, మనిషినిబట్టి మారుతుంది, దంపతుల సెషన్ పొడవు కాబట్టి ఎక్కువే ఉంటుంది. ఫోన్లోనే అడిగేయండి, మొహమాటం వద్దు. ప్రభుత్వంలో హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక చికిత్సాలయాలున్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ కూడా ఉంటుంది. అక్కడ రద్దీ వల్ల వారం వారం గంటసేపు మాట్లాడే వీలు తక్కువ, మందులకూ రోగ నిర్ధారణకూ మాత్రం నిరభ్యంతరంగా వెళ్లొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పగలైనా చేయొచ్చు. దాన్ని వారం వారం థెరపీలా కాక మొదటి మెట్టులా వాడుకోండి.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉండాలి. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం దానికి మినహాయింపు. బీమా కంపెనీలు శరీర జబ్బుల్లాగే మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలని కూడా అదే చట్టం చెప్పింది. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తాయి, ఓపీ సెషన్లకు విడిగా చూసుకోవాలి. కాపురంలో కలతను జబ్బుగా లెక్కపెట్టరు కాబట్టి దంపతుల సెషన్లు జేబులోంచే.

అమెరికాలో ఉన్నవాళ్లకు వేరే చిక్కు. అక్కడ థెరపిస్టు లైసెన్స్ రాష్ట్రాలవారీగా ఉంటుంది. డాలస్‌లో ఉన్న మీరు న్యూజెర్సీ తెలుగు థెరపిస్టుతో వీడియోలో మాట్లాడాలనుకుంటే, ఆవిడకి టెక్సాస్‌లో అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోవాలి. సైకాలజిస్టులకైతే రాష్ట్రాల మధ్య సైప్యాక్ట్ ఒప్పందం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్లు ఒకరి పేరు మీద రోగ నిర్ధారణ అడుగుతారు, అందుకే దంపతుల థెరపీకి అక్కడా పేచీ పడుతుంది.

ఆన్‌లైన్ అనేది ఒక్కరికి బాగానే పనిచేస్తుంది, తలుపు వేసుకునే గది ఉంటే. పక్కగదిలో అత్తగారు టీవీ సౌండ్ తగ్గించారంటే మాత్రం ఆ రోజుకి కారులో కూర్చుని మాట్లాడుకోవడం మేలు. కుటుంబమంతా అయితే నేరుగా వెళ్లడమే మంచిది, కుర్చీలు స్క్రీన్‌లో కనపడవు.

రానంటే?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. "నాకేం పిచ్చా?" అని భర్త అంటాడు, లేదా భార్య అంటుంది. రానన్నవాళ్ల కోసం ఏళ్లు ఆగొద్దు. మీరొక్కరే మొదలుపెట్టండి. అయితే "దంపతుల సమస్య కోసం ఒక్కదాన్నే వస్తున్నా" అని మొదటి రోజే చెప్పండి, అప్పుడు థెరపిస్టు లేని మనిషి కోసం కూడా కాస్త జాగా ఉంచుతారు. మా ఆయన్ని పిలిచేటప్పుడు నేను "నువ్వు మారాలి" అనలేదు. "నేను అక్కడ నీ గురించి ఒక వైపే చెబుతున్నా, రెండో వైపు చెప్పడానికి ఒక్కసారి రా" అన్నాను. తన మీద చాడీలు వింటూ ఊరుకునే రకం కాదు ఆయన. వచ్చారు.

అప్పటికి నేను ఒక్కదాన్నే వెళ్తున్న థెరపిస్టు ఒక షరతు పెట్టారు. ఇన్నాళ్లు నా వైపే విన్నారు కాబట్టి మా ఇద్దరి సెషన్లు తను చేయనని, వేరేవాళ్ల దగ్గరికి పంపారు. అప్పుడు చిరాకేసింది, మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలని. కానీ కొత్త గదిలోకి ఇద్దరం ఒకేసారి అడుగుపెట్టాం. ఆవిడకి మా ఇద్దరి గురించీ ఏమీ తెలియదు.